కీమో నడుస్తుండగా పుట్టగొడుగుల పొడి ఇవ్వొచ్చా? డబ్బా మూత తీసేముందు చేయాల్సిన పనులు

హనుమకొండలో మా మెడికల్ షాపు కౌంటర్ మీదికి నెలకు నాలుగైదు డబ్బాలు వస్తాయి. నేను అమ్మేవి కావు, చూసి చెప్పమని జనం తెచ్చేవి. ఒకటి అమెరికా నుంచి అల్లుడు పంపింది. ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించింది. ఇంకొకటి చైన్ కంపెనీలో చేరిన పక్కింటి వదిన అంటగట్టింది. రీషి, టర్కీ టెయిల్, చాగా, కార్డిసెప్స్ అని పేర్లు మారుతుంటాయి, ప్రశ్న మాత్రం మారదు. "మా బాపుకు కీమో నడుస్తంది. ఈ పుట్టగొడుగుల పొడి ఇయ్యొచ్చా?"

పరకాల నుంచో, భూపాలపల్లి నుంచో వచ్చి బస్సు టైమ్ చూసుకుంటూ నిలబడ్డ మనిషికి ఐదు నిమిషాల్లో చెప్పే విషయం కాదిది. అందుకే వరసగా రాస్తున్నాను. ముందు సూటిగా రెండు మాటలు: కీమోకు బదులుగా అయితే వద్దే వద్దు. కీమోతో పాటు అయితే, డాక్టర్‌కు తెలియకుండా వద్దు.

రెండో మాట మా ఇంట్లోనే నేర్చుకున్నాను. మా చిన్నమ్మకు రొమ్ము క్యాన్సర్. రెండో కీమో అయ్యాక ఎవరో బంధువు రీషి పొడి తెచ్చిస్తే, రోజూ పొద్దున గోరువెచ్చని నీళ్లలో కలిపి ఇచ్చారు. మూడో కీమోకు ముందు పరీక్షల్లో కాలేయం స్థితి చెప్పే ఎస్‌జీపీటీ బాగా పెరిగింది. "ఇంకేమైనా వాడుతున్నారా?" అని డాక్టరమ్మ అడిగితే అందరూ నేల చూపులు చూశారు. కీమో రెండు వారాలు వెనక్కి పోయింది. ఆ పెరుగుదల పొడి వల్లనా, కీమో మందు వల్లనా అన్నది ఇప్పటికీ ఎవరూ చెప్పలేరు. ముందే చెప్పి ఉంటే తేల్చడానికి ఒక దారి ఉండేది. షాపులో ఉండే నాకు కూడా ఆ సంగతి ఆ రోజే తెలిసింది.

పరిశోధనలో నిజంగా ఏముంది

ఇది ఉత్త పుకారు కాదు. టర్కీ టెయిల్ అనే పుట్టగొడుగు నుంచి తీసిన పీఎస్‌కే అనే పదార్థాన్ని జపాన్‌లో 1977 నుంచి క్యాన్సర్ చికిత్సలో వాడారు. షిటాకే నుంచి తీసిన లెంటినాన్‌కు అక్కడే 1985లో కడుపు క్యాన్సర్‌కు అనుమతి వచ్చింది. అది ఇంజెక్షన్. 1994లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ట్రయల్‌లో (మనుషుల మీద చేసే పరీక్షలో), కడుపు క్యాన్సర్‌కు ఆపరేషన్ అయిన 262 మందిని తీసుకున్నారు. కీమో ఒక్కటే తీసుకున్నవారిలో 5 ఏళ్లకు 60 శాతం మంది బతికి ఉంటే, కీమోతో పాటు పీఎస్‌కే తీసుకున్నవారిలో 73 శాతం మంది ఉన్నారు. తర్వాత 2007లో 8 ట్రయల్స్‌లోని 8,009 మంది లెక్కలు కలిపి చూశారు. మేలు కనిపించింది గానీ అంత పెద్దది కాదు. మరణం ముప్పు సుమారు 12 శాతం తగ్గింది.

డబ్బా అమ్మేవాళ్లు మీకు ఆ 73 శాతం చెప్తారు. ఆ 73లో ప్రతి ఒక్కరూ ఆపరేషన్ చేయించుకుని కీమో ఎక్కించుకున్నవారే అన్నది చెప్పరు. వాళ్లు తీసుకున్నది ఎండబెట్టి దంచిన పొడి కూడా కాదు, మందుల కంపెనీ ఒకే రకం ఫంగస్‌ను పెంచి, సారం తీసి, ప్రతి బ్యాచ్ ఒకేలా ఉండేలా చేసిన మందు.

రీషి సంగతి ఇంకా పలచన. దాని మీద జరిగిన 5 ట్రయల్స్‌ను, మొత్తం 373 మందిని, వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ పరిశీలించింది. మొదటి చికిత్సగా వాడటానికి తగిన ఆధారం లేదని తేల్చింది. చాగా, లయన్స్ మేన్‌ల గురించి తిరిగే మాటలు చాలావరకు గాజు పళ్లెంలో పెంచిన కణాల మీద, ఎలుకల మీద చేసిన ప్రయోగాలవే.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- పొడి డబ్బా, దాని బిల్లు, లోపల వచ్చిన కాగితం
- పేషెంట్ ఫైలు: బయాప్సీ రిపోర్టు, చివరి రక్తపరీక్షలు, కీమో తేదీలు
- రోజూ వేసుకునే అన్ని మందుల చీటీలు (బీపీ, షుగర్, గుండె మందులు కూడా)
- ఒక నోటు పుస్తకం
- బెటాడిన్ లేదా టింక్చర్ అయోడిన్, రెండు గాజు గ్లాసులు, చిటికెడు బియ్యప్పిండి (ఎందుకో 4లో చెప్తాను)

1. ముందు కీమో తేదీని కాపాడండి

ఏ పొడి ఇచ్చినా, ఇవ్వకపోయినా, ఇచ్చిన తేదీకి కీమోకు వెళ్లాలి. "ఒక నెల ఇది వాడి చూద్దాం, తగ్గకపోతే కీమో" అనే మాట ఇంట్లో వినిపిస్తే అక్కడే ఆపండి. ఆ నెలలో గడ్డ మన కోసం ఆగదు. మొదట్లో ఆపరేషన్‌తో పోయే జబ్బు తర్వాత ఆపరేషన్‌కు అందకుండా పోవచ్చు.

చాలామంది పొడి వైపు వెళ్లేది నమ్మకంతో కాదు, డబ్బుల టెన్షన్‌తో. అలా అయితే ముందు ఆరోగ్యశ్రీ సంగతి తేల్చుకోండి. తెలంగాణలో 2023 డిసెంబర్‌లో దాని పరిమితిని 10 లక్షలకు పెంచారు, క్యాన్సర్ చికిత్సలు అందులో ఉన్నాయి. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. డబ్బా మీద పెట్టే రెండు మూడు వేలు రైలు చార్జీలకు, గుడ్లకు, పండ్లకు పెడితే నాకు ఎక్కువ నచ్చుతుంది.

2. ఏ పుట్టగొడుగో పేరు చదవండి

"మష్రూమ్ పౌడర్" అని మాత్రమే ఉంటే అక్కడితో ఆపేయండి. శాస్త్రీయ నామం ఉండాలి. టర్కీ టెయిల్ అంటే ట్రామెటిస్ వెర్సికలర్. రీషి అంటే గానోడెర్మా లూసిడమ్. షిటాకే అంటే లెంటినులా ఎడోడెస్. ఒకదాని మీద జరిగిన పరిశోధన ఇంకోదానికి చెల్లదు. పదిరకాలు కలిపిన పొడి అయితే ఏదైనా తేడా చేసినప్పుడు ఏది చేసిందో ఎవరికీ అంతుపట్టదు.

మన దగ్గర ఇంకో సంగతి ఉంది. ములుగు, ఏటూరునాగారం అడవుల వైపు నుంచి, ముసలి చింతచెట్టు మొదళ్ల నుంచి గట్టి చెక్కలాంటి గొడుగులు కోసుకొచ్చి "ఇదే రీషి" అంటారు. అలాంటివి ఒకే పోలికతో చాలా రకాలుంటాయి. చూసి పేరు చెప్పడం నిపుణులకే కష్టం. కీమో నడుస్తున్న మనిషికి అడవి పుట్టగొడుగు ఏ రూపంలోనూ పెట్టొద్దు, వానాకాలంలో పుట్టల మీద వచ్చే పుట్టకొక్కులైనా సరే. మీరు చిన్నప్పటి నుంచి తిన్నవే కావచ్చు. కానీ వాంతులు, విరేచనాలు మొదలైతే అవి కీమో వల్లనా, పుట్టగొడుగు వల్లనా తేల్చలేక రాత్రిపూట ఆస్పత్రికి పరుగెత్తాల్సి వస్తుంది.

3. లేబుల్ వెనక్కి తిప్పండి

మన దేశంలో అమ్మే డబ్బా మీద ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే లైసెన్సు నంబర్ 14 అంకెలతో ఉండాలి. ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో ఆ నంబర్ కొట్టి చూడండి. వచ్చే కంపెనీ పేరు డబ్బా మీది పేరుతో సరిపోవాలి. అయితే ఈ లైసెన్సు ఆహారం అమ్మడానికి మాత్రమే. "గవర్నమెంట్ అప్రూవ్డ్ మందు" అని ఎవరైనా దీన్ని చూపిస్తే అది తప్పు మాట. అదే లేబుల్ మీద చిన్న అక్షరాల్లో "మందుగా వాడటానికి కాదు" అన్న అర్థం వచ్చే వాక్యం ఉంటుంది, వెతకండి. అమెరికా డబ్బా మీద కూడా ఏ జబ్బునూ నయం చేయడానికి ఉద్దేశించింది కాదని రాసి ఉంటుంది. ఆ వాక్యం మీద వేలు పెట్టి ఇంట్లో పెద్దవాళ్లకు చదివి వినిపించండి. నేను వంద మాటలు చెప్పినా రాని మార్పు ఆ ఒక్క వాక్యంతో రావడం చూశాను.

"క్యాన్సర్ తగ్గిస్తుంది" అని ప్రకటన ఇవ్వడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం. అలాంటి పాంప్లెట్ డబ్బాతో పాటు వచ్చిందంటే, ఆ కంపెనీ మిగతా మాటలు కూడా నమ్మక్కర్లేదు.

4. పిండి పరీక్ష

కొన్ని పొడులు నిజానికి పుట్టగొడుగు నుంచి తీసినవి కావు. బియ్యం, ఓట్స్ లాంటి గింజల మీద ఫంగస్ వేర్లను పెంచి, గింజతో సహా పొడి చేసినవి. ఇంట్లోనే చూసుకోవచ్చు.

ఒక చిన్న గిన్నెలో అర చెంచా పొడిని అర గ్లాసు నీళ్లలో రెండు మూడు నిమిషాలు మరగనివ్వండి. క్యాప్సూల్ అయితే విప్పి పోయండి. ఇంకో గిన్నెలో చిటికెడు బియ్యప్పిండిని అలాగే మరిగించండి. రెండూ గ్లాసుల్లో పోసి పూర్తిగా చల్లారనివ్వండి. వేడి మీద రంగు కనిపించదు, చాలామంది చేసే పొరపాటు ఇదే. తర్వాత ఒక్కో గ్లాసులో ఒక్కో చుక్క బెటాడిన్ వేయండి. బియ్యప్పిండి గ్లాసు నల్లటి నీలం రంగుకు తిరుగుతుంది. అది మీ కొలత. పొడి గ్లాసు కూడా అలాగే తిరిగితే మీరు డబ్బు పోసి కొన్నదాంట్లో చాలావరకు గింజ పిండే. లేత గోధుమరంగులోనే ఉంటే పిండి పెద్దగా లేదని మాత్రమే అర్థం. మంచి పొడి అని కాదు, మందు అని అసలే కాదు. సీసం లాంటి లోహాలు, పురుగుమందులు ఈ పరీక్షలో బయటపడవు. గ్లాసుల్లోది పారబోయండి, ఎవరూ తాగొద్దు.

లేబుల్ మీద "పాలీశాకరైడ్లు 40 శాతం" అని ఉంటే మురిసిపోకండి. పిండి కూడా పాలీశాకరైడే. చూడాల్సింది పుట్టగొడుగుల్లో ఉండే బీటా గ్లూకాన్ అనే పదార్థం ఎంత అన్నది.

5. వాట్సాప్ మెసేజ్‌ను ఇలా నిలదీయండి

"జపాన్ సైంటిస్టులు కనిపెట్టారు" అని ఏది వచ్చినా ఈ ప్రశ్నలు అడగండి. మనుషుల మీద చేశారా, ఎలుకల మీదా? ఎంతమంది మీద? ఏ క్యాన్సర్? మీ అమ్మకున్నది అదేనా? పొడి ఇచ్చారా, సారమా, ఇంజెక్షనా? కీమోతో కలిపి ఇచ్చారా? చివరికి ఏం కొలిచారు, బతికిన కాలమా లేక రక్తంలో ఏదో ఒక కణం లెక్కా?

ఆఖరి ప్రశ్న దగ్గర చాలా మెసేజ్‌లు తేలిపోతాయి. "ఇమ్యూనిటీ పెరిగింది" అంటే గడ్డ తగ్గినట్టు కాదు.

ఇంగ్లీషు చదివే పిల్లలు ఇంట్లో ఉంటే పబ్‌మెడ్ అనే వైద్య పరిశోధనల వెబ్‌సైట్‌లో పుట్టగొడుగు శాస్త్రీయ నామం, క్యాన్సర్ పేరు కొట్టి, క్లినికల్ ట్రయల్ అనే ఫిల్టర్ పెట్టమనండి. మన దేశంలో ఏదైనా ట్రయల్ జరుగుతుందని ఎవరైనా చెప్తే సీటీఆర్ఐ వెబ్‌సైట్‌లో ఉందో లేదో చూడండి. 2009 జూన్ నుంచి ట్రయల్స్ అక్కడ నమోదు చేయడం తప్పనిసరి. ఇంకో గుర్తు: "ట్రయల్‌లో చేర్చుకుంటాం" అని చెప్పి డబ్బా కొనమనేవాళ్లు ట్రయల్ వాళ్లు కారు.

6. ఇవి ఉంటే డాక్టర్‌ను అడిగే వరకూ ముట్టుకోవద్దు

రక్తం పలచనయ్యే మందులు వాడుతున్నవారు. ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ అన్నీ ఇందులోకే వస్తాయి. రీషికి రక్తం గడ్డకట్టడాన్ని తగ్గించే గుణం ఉండొచ్చు. కీమోతో ప్లేట్‌లెట్లు ఇప్పటికే తగ్గి ఉన్నవారికీ ఇదే మాట.

కాలేయం దెబ్బతిన్నవారు, పచ్చకామెర్లు వచ్చి తగ్గినవారు. రీషి పొడి వాడిన తర్వాత కాలేయం తీవ్రంగా దెబ్బతిన్న కేసులను 2004లో హాంకాంగ్, 2007లో థాయ్‌లాండ్ వైద్యులు నివేదించారు. హాంకాంగ్ కేసులో ఒక పెద్దావిడ ఏడాదిగా రీషిని మరిగించి తాగుతున్నా ఏమీ కాలేదు. పొడికి మారిన కొన్ని వారాలకు జబ్బు పడింది.

కిడ్నీ బాగాలేనివారికి చాగా అసలు వద్దు. దాంట్లో ఆక్సలేట్లు ఎక్కువ. జపాన్‌లో 72 ఏళ్ల ఒక మహిళకు లివర్ క్యాన్సర్ ఆపరేషన్ అయింది. ఆమె రోజుకు నాలుగైదు చెంచాల చాగా పొడి ఆరు నెలలు తీసుకుంది. కిడ్నీలో ఆక్సలేట్ స్ఫటికాలు పేరుకుని కిడ్నీ పాడైంది. 2014లో ఆ కేసును వైద్య పత్రికలో ప్రచురించారు. మన ఇళ్లలో "సహజమే కదా, రెండు చెంచాలు ఎక్కువైతే ఏమైతది" అనుకునేవారికి నేను చెప్పేది ఈమె కథే.

అవయవ మార్పిడి అయినవారు, ఇమ్యునోథెరపీ (రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే చికిత్స) తీసుకుంటున్నవారు కూడా ఈ జాబితాలోనే. రోగనిరోధక శక్తిని కదిలించే దేన్నయినా వాళ్లు సొంతంగా మొదలుపెట్టకూడదు.

7. డాక్టర్‌ను ఇలా అడగండి

"పుట్టగొడుగుల పొడి వాడొచ్చా సార్?" అంటే "వద్దు" అనే జవాబే వస్తుంది, మాట అక్కడితో ముగుస్తుంది. ఓపీలో వాళ్లకు టైమ్ ఉండదు, తప్పు పట్టలేం. ముందురోజు రాత్రే ఒక చీటీ రాసుకుని, డబ్బాతో సహా తీసుకెళ్లండి. ఇలా ఉంటే చాలు:

"డాక్టర్ గారూ, మా నాన్నగారికి ఈ పొడి ఇవ్వాలని ఇంట్లో అనుకుంటున్నారు. ఇంకా మొదలుపెట్టలేదు. ఇది ఆయన కీమో మందుకు అడ్డు వస్తుందా? ఆయన ఎస్‌జీపీటీ, క్రియాటినిన్, ప్లేట్‌లెట్లు చూసి చెప్పండి. వద్దంటే మానేస్తాం."

ఇప్పటికే ఇస్తున్నట్టయితే "మొదలుపెట్టలేదు" అన్న చోట "ఫలానా తేదీ నుంచి రోజుకు ఇంత ఇస్తున్నాం" అని రాయండి. తిడతారేమోనని భయపడి దాచకండి. తిడితే రెండు నిమిషాల్లో అయిపోతుంది. దాచితే ఏమవుతుందో మా చిన్నమ్మ విషయంలో చూశాను.

8. సరే అన్నారు, అప్పుడు?

ముందు సీబీపీ (రక్తకణాల లెక్క), కాలేయం, కిడ్నీ పరీక్షలు చేయించి కాగితం దాచండి. వార్ఫరిన్ ఉంటే రక్తం గడ్డకట్టే తీరు చెప్పే ఐఎన్ఆర్ కూడా. ఒక్క రకమే, డాక్టర్ చెప్పిన మోతాదులోనే మొదలుపెట్టండి. అదే వారం ఇంకో కషాయమో, ఇంకో టానిక్కో కలపకండి. నోటు పుస్తకంలో తేదీ, పరిమాణం, ఆరోజు ఒంట్లో ఎలా ఉందో ఒక వాక్యం రాయండి. ఆపరేషన్ ఉంటే కనీసం రెండు వారాల ముందు ఆపాలి, మత్తు డాక్టర్‌కు కూడా చెప్పాలి. వచ్చే కీమోకు ముందు అవే పరీక్షలు మళ్లీ చేయించి పాత కాగితం పక్కన పెట్టి చూడండి. అంకెలు చెడితే పొడి ఆపి డాక్టర్‌కు చూపించండి.

9. పని చేస్తుందో లేదో ఎలా తెలుస్తుంది?

ఇక్కడే అందరూ మోసపోతారు. "పొడి మొదలుపెట్టిన రెండు రోజులకే బాపు లేచి కూర్చున్నాడు, అన్నం అడిగి తిన్నాడు" అంటారు. చీటీ చూస్తే కీమో రోజు నుంచి డెక్సామెథసోన్ ఇచ్చి ఉంటారు. వాంతులు రాకుండా ఇచ్చే స్టిరాయిడ్ అది. ఆకలి, హుషారు రెండూ పెంచుతుంది. ఆ మాత్ర ఆగగానే మనిషి మళ్లీ నీరసపడతాడు. అప్పుడు "పొడి మోతాదు సరిపోలేదు" అని ఇంకో చెంచా పెంచుతారు. పొడికి దక్కిన పేరు నిజానికి ఆ చిన్న మాత్రది.

అందుకే ఆకలిని కీమో అయిన రెండో రోజు కాకుండా, పదో రోజు నుంచి రాయండి. బరువును వారానికి ఒకసారి, ఒకే మిషన్ మీద, పొద్దున పూట చూడండి. గడ్డ తగ్గిందా అన్నది స్కాన్‌లోనే తెలుస్తుంది. అది తగ్గినా కీమో నడుస్తుండగా పొడి వల్లే తగ్గిందని చెప్పడానికి మీ దగ్గరా నా దగ్గరా ఏ దారీ లేదు. అది తేల్చడానికే వందలమందిని రెండు గుంపులు చేసి ట్రయల్స్ పెడతారు.

డాక్టర్ వద్దంటే

అయినా పుట్టగొడుగులు పెట్టాలనే ఉంటే కూర వండి పెట్టండి. మార్కెట్లో దొరికే తెల్ల బటన్ రకం, చిప్ప పుట్టగొడుగులు, పాల పుట్టగొడుగులు చాలు. తాజావి కొని, బాగా కడిగి, మెత్తగా ఉడికేదాకా వండాలి. తెల్లకణాలు తగ్గిన రోజుల్లో పచ్చివి, సగం ఉడికినవి పెట్టొద్దు. షిటాకే సరిగ్గా ఉడకకపోతే కొందరికి వీపు మీద కొరడాతో కొట్టినట్టు ఎర్రటి గీతలు లేస్తాయి. కూర తింటే క్యాన్సర్ తగ్గదు. కానీ నోటికి రుచి తెలియని మనిషి ఇష్టంగా నాలుగు ముద్దలు తింటే అది నిజమైన లాభమే. గుడ్డు, పప్పు, పెరుగు కూడా పెట్టండి.

వెంటనే ఆస్పత్రికి వెళ్లాల్సినవి

కీమో నడుస్తుండగా జ్వరం 100.4 డిగ్రీలు దాటితే పొడి వాడినా వాడకపోయినా ఆ గంటలోనే బయల్దేరాలి, తెల్లారనిద్దాం అనుకోవద్దు. కళ్లు పచ్చబడటం, నల్లటి విరేచనం, చిగుళ్ల నుంచి ఆగని రక్తం, మూత్రం బాగా తగ్గిపోవడం, ఒంటి నిండా దద్దుర్లు కనిపించినా అంతే.

పొడి వల్ల చెడు జరిగిందని అనుమానం ఉంటే 1800-180-3024కు ఫోన్ చేసి చెప్పండి. మందుల దుష్ఫలితాలు నమోదు చేసే జాతీయ హెల్ప్‌లైన్ అది, కాల్ ఉచితం. అబద్ధపు ప్రకటన చూసి కొని మోసపోయామనుకుంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. రెండు చోట్లా బ్యాచ్ నంబర్ అడుగుతారు. కోపంతో డబ్బా బయట పడేసి వచ్చి నన్ను ఏం చేయాలని అడిగినవాళ్లున్నారు. ఖాళీ అయినా సరే, మూతతో సహా దాచి ఉంచండి.